తూము దగ్గరి నీళ్లు

1986 ఎండాకాలం. చిరాగ్‌పల్లి దిక్కున ఒక ఊరు. కాలుష్య బోర్డు ఉద్యోగి మల్లికార్జున్, శాంతమ్మ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

“నాకేం ఎర్క లేదు సారూ. జర మెల్లగ మాట్లాడుండ్రి.”

“మీ బర్రెలు రెండూ వాగు నీళ్లు తాగే చచ్చిపోయాయట కదా శాంతమ్మగారూ?”

“ముసలి బర్రెలు. సచ్చినయి.”

“వాగు పొడుగునా తేలిన చేపలూ ముసలివేనా?”

“మీ జీపు యాడ వెట్టిన్రు?”

“బస్సులో వచ్చాను. జీపులో మూడుసార్లు వస్తే మూడుసార్లూ ఫ్యాక్టరీ తూము మూసే ఉంది. జహీరాబాద్ దాటకముందే వాళ్లకు కబురు పోతోంది.”

“వాగుల నీళ్లు వట్టుకపోరాదుండ్రి? ఎర్రగనే ఉన్నయి గద.”

“అవి మావి కావంటారమ్మా ఫ్యాక్టరీవాళ్లు. తూము దగ్గర, పారుతుండగా, ఫ్యాక్టరీ మనిషి ఎదుటే సీసాల్లో పట్టి సీలు వేసి, అతని సంతకం తీసుకోవాలి. చట్టం అట్లా ఉంది. తూము ఎప్పుడు ఎత్తుతారో చెప్పండి, చాలు.”

“నాకెట్ల ఎర్క?”

“మీ చేను పక్కనే కదా.”

“అటు దిక్కు పోతలేను. మీరు పోతరు సారూ, మేమీడనే ఉండాలె. పోయినేడు మా ఊరి ఎంకయ్య ఫ్యాక్టరీ మీద రాసిన కాయిదానికి ఏలుముద్ర ఏసిండు. వాని గడ్డివాము కాలవెట్టిన్రు.”

“ఎవరు?”

“ఎవరో. నేన్ జూస్తినా?”

“మీ ఇంటాయన ఎక్కడ?”

“లేడు. కోహీర్ పోయిండు.”

“తూము ఎత్తేది ఎవరమ్మా?”

“ఎర్క లేదంటి గద! పోండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుత...”

“శాంతా! బిందెల నీళ్లు పారబొయ్యి! తాగినవా? పొద్దుగాల సంది బాయి నీళ్లు తాగినవా?”

“లే... లేదయ్యా. నువ్వేంది, డ్యూటీ ఇడిసిపెట్టి ఉరికొచ్చినవ్... ఏమైంది?”

“పక్కింటి గురులింగప్ప మనుమరాలు కక్కుకుంట కక్కుకుంట పడిపోయింది. దవాఖానకు తీస్కపోయిన్రు. వాగు నీళ్లు బాయిల ఊరినయే. బాయంత ఎర్రగయింది.”

“అయ్యో, పిల్ల! బతుకుతదా?”

“ఎర్క లేదు. ఈయనెవరు?”

“ఎవరు గాదు. దారి అడుగుతుండు.”

“పొల్యూషన్ బోర్డు నుంచి వచ్చానండీ. మీరు ఈమె ఇంటాయనేనా?”

“వద్దయ్యా. నోరిప్పకు. లోపలికి పో, లోపలికి పో...”

“సీసాలు దెచ్చిన్రా సారూ? నా పేరు మహాదేవప్ప. రెండేండ్ల సంది ఆ తూము ఎత్తేటోన్ని నేనే. పొద్దుగాల ఎత్తిన, ఇంక పారుతనే ఉన్నది. నడువుండ్రి, ఫ్యాక్టరీ మనిషి సంతకం నేను వెడ్త.”