మూడు మీటర్ల నడక

ముందు గది. గోడవారన కుర్చీ, అక్కణ్ణుంచి తలుపు దాకా టైలరు సుద్దతో గీసిన మూడు మీటర్ల గీత. భార్యాభర్తలిద్దరే ఉన్నారు.

“లేవండి. చేతులు ఆనించకుండా లేవాలి.”

“లేచానోయ్.”

“ఆనించారు! నేను చూశాను. మళ్ళీ కూర్చోండి.”

“పెళ్ళి పీటల మీద కూడా నన్ను ఇన్నిసార్లు లేపలేదు.”

“నవ్వించకండి, లెక్క మర్చిపోతాను. ఆ ఫిజియో అమ్మాయి వచ్చేలోపు మీకు బాగా వచ్చేయాలి. గీత మీద నడుస్తూ, వందలోంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పాలి.”

“నడవమంటే నడుస్తా, లెక్క చెప్పమంటే చెబుతా. రెండూ కలిపి చెయ్యమని ఎవడు కనిపెట్టాడే?”

“అలా చెయ్యలేనివాళ్ళే ఊరికే పడిపోతారట. మతిమరుపు కూడా అందులోనే బయటపడుతుందట.”

“బయటపడితే?”

“మన కూతురు పైగదికి తాళం వేసేస్తానంది! నా కుట్టుమిషన్ ఉన్నది పైగదిలోనే కదండీ. మెట్ల మీద పడిందేమో మీరు, శిక్షేమో నాకు. ఇదెక్కడి న్యాయం?”

“అన్యాయమే. ఘోరం.”

“అందుకే బుద్ధిగా నడవండి. నేను పక్కనే వస్తా. ఊఁ, వంద.”

“తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది.”

“ఆగండాగండి! డెబ్భై ఎనిమిది.”

“ఆఁ... అవునవును. డెబ్భై ఎనిమిదే.”

“నలభై ఏళ్ళు మెళ్ళో టేపు వేసుకుని బతికినదాన్ని. నా దగ్గరా మీ వేషాలు?”

“నీ ముందు నా పప్పులుడకవులే. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు.”

“నా చెయ్యెందుకు?”

“నాకు భయం.”

“అబ్బో, మగధీరుడు! సరే, పట్టుకోండి. అదిగో, తూలుతున్నారు.”

“నేనా?”

“మరి నేనా? మీరు తూలి నన్ను కూడా లాగేస్తున్నారు! అయ్యో, ఆగండి, నవ్వలేక చస్తున్నా... ఇంతకీ ఎంత దగ్గరున్నాం?”

“వంద దగ్గర.”

“మళ్ళీ మొదటికా! మీతో వేగలేను బాబూ. అదిగో, బెల్లు. మెల్లగా వెళ్ళి తియ్యండి, పరిగెత్తకండి! నేను తల దువ్వుకొచ్చేస్తా.”

“నమస్కారం బాబాయిగారూ, ఫిజియోని. పిన్నిగారేరీ? మెట్ల మీద పడింది ఆవిడే కదా? డాక్టరు రాసిన కాగితంలో ఆవిడ పేరే ఉంది.”

“ష్! మెల్లగామ్మా. పడింది ఆవిడే. నేను పడ్డాననుకుంటోంది.”

“మరి మీరు చెప్పలేదా?”

“రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. మూడోసారి నా వల్ల కాదు.”

“అలా అంటే ఎలాగండీ? పరీక్ష చెయ్యకపోతే మళ్ళీ పడతారు.”

“నువ్వేం తేల్చినా సరే, పైగదిలో ఉన్న ఆవిడ కుట్టుమిషన్ కిందికి దింపించేస్తా. అది నా పూచీ.”

“దింపించండి. కానీ నేను పరీక్ష పెట్టాలి కదా, బాబాయిగారూ?”

“నాకు పెట్టు. తప్పులు దిద్దడానికి ఆవిడ నా పక్కనే నడుస్తుంది. నువ్వు ఆవిడ కాళ్ళు చూడు.”