రొట్టెల కొట్టు ముందు నవ్విన ఆవిడ

మధ్యాహ్నం ఆట అయిపోయింది. తెహ్రాన్‌లోని ఆ మూకీ సినిమా హాల్లోంచి జనం ఇంకా నవ్వుకుంటూనే బయటికి పోతున్నారు. ఒక తివాచీల వర్తకుడు మాత్రం మెట్లెక్కి, ఆ సినిమా తీసిన హాలు యజమాని గదిలోకి వచ్చాడు.

“ఆ రొట్టెల కొట్టు ముక్క కత్తిరించండి. ఇప్పుడే, నా కళ్లముందే!”

“ముందు కూర్చోండి హాజీగారూ. ఆ బొజ్జాయన కుక్కకి భయపడి పిండి తొట్టిలో పడేదేనా? జనం పడీపడీ నవ్వేది దానికేనండీ!”

“తెరమీద జనంలో వెనక వరసన ఒకావిడ నవ్వుతోందే, ముఖమ్మీది చాదర్ ముసుగు జారిపోయి... ఆవిడ నా భార్య! పక్క దుకాణంవాడు చెబితే నమ్మలేదు. ఊళ్లో మగాళ్లంతా ఆమె ముఖం చూస్తున్నారయ్యా!”

“అయ్యయ్యో! నడివీధిలో తీశాం, ఎవరెవరు పడ్డారో చూసుకోలేదు. ఆవిణ్ణి తీసుకురండి, క్షమించమని నేనే అడుగుతాను.”

“ఎక్కణ్ణుంచి తీసుకురాను? నిన్ననే ఆమె పోయిన నలభయ్యో రోజు జరిపాం.”

యజమాని సొరుగులోంచి కత్తెర తీశాడు.

“ముక్క మీ చేతికే ఇస్తాను. ఇంట్లో ఆవిడ ఫొటోలతోపాటు దాచుకోండి.”

“ఫొటోలా? ఒక్కటీ లేదు. తీయించుకుంటానని రెండుసార్లు అడిగింది. పరాయివాడి ముందు ముసుగు తీస్తావా అని కసిరాను.”

“మరి... కత్తిరించమంటారా?”

“ఆగండి. అంత నోరారా నవ్వుతుందని నాకే తెలీదు... మా చిన్నదానికి నాలుగేళ్లు. అమ్మ ముఖం ఎలా ఉండేదని రోజూ అడుగుతోంది. రేపు ఆడవాళ్ల ఆట ఎన్నింటికి?”