పరోటా కాగితం, రైఫిలు గొట్టం

శుక్రవారం పొద్దెక్కాక, అరబ్బు దేశంలోని వాడి కబీర్‌లో, లైసెన్సు తుపాకుల వర్క్‌షాపులో లేత్ మిషను కీచుమని అరిచి ఆగింది. జిలానీ వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాడు. ఇస్రాయేలు షూటింగ్ క్లబ్బు వాళ్ళ రైఫిలు గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. తూటా కూర్చునే గూడు నున్నగా ఉండాల్సింది, లోపలంతా అలలు అలలుగా గీతలే.

“జిలానీ భాయ్, గూడు తొలిచే రీమరు ఊరికే వణకలేదు. నువ్వు స్పీడు పెంచినావు.”

“జుమా నమాజుకు టైమైతాండాది కదప్పా!”

“తొందర నీది. మేనేజరు ముదీరుకు ఫోన్లో నా పేరు ఏంటికి చెప్పినావు? ఇప్పుడే నాకు ఫోన్ చేసి, వీసా రద్దు చేసి ఇంటికి పంపిస్తా అన్నాడు నన్ను.”

“రీమరు వణికింది, నాకూ వణుకొచ్చింది. నోరు జారింది. లోతు ఇంకెంత మిగిలిందిరా?”

“ఒక్క మిల్లీమీటరు. గీతలు ఆలోపలే పోవాల. లేదంటే గొట్టం ఇనుప సామాను కొట్టుకు, నేను ఎయిర్‌పోర్టుకు. ఆ పరోటా చుట్టిన కాగితం ఇట్లియ్యి.”

“గొట్టానికి టిఫినా? నీకేమన్నా తిక్కా?”

“నూనె కాగితం చుట్టినామంటే రీమరు కదలకుండా బిగువుగా ఉంటాది. స్పీడు తగ్గించు. ఇంకా తగ్గించు భాయ్!”

లేత్ మెల్లగా తిరిగింది. ఇద్దరూ చెవులొగ్గారు.

“రీమరు అరుస్తాండాదా?”

“లేదు భాయ్. నువ్వూ అరవాకు.”

ఇస్రాయేలు రీమరు బయటికి లాగి, గొట్టం తుడిచి, మళ్ళీ టార్చి వేశాడు. గూడు అద్దంలా మెరిసింది. జిలానీ చేతులకు నూనె అట్లాగే ఉండగా ఫోను అందుకున్నాడు.

“నమాజుకు టైమైతాంది భాయ్.”

“అబద్ధం మోసుకొని ఎట్ల పోయేదిరా? హలో, ముదీర్ సాబ్! గొట్టం చెడగొట్టింది నేను. బాగు చేసింది ఇస్రాయేలు.”