ఓనరమ్మగారి ఇంటర్వ్యూ

ఆడవాళ్ల సంస్థలకే కేటాయించిన రంగుల పని కోసం ఆయన తన సంస్థను భార్య పేరుకు మార్చాడు. మున్సిపల్ ఆఫీసులో ఇంటర్వ్యూ ముగించుకుని ఆమె బయటికి రాగానే మెట్ల మీదే పట్టుకున్నాడు.

“ఏమైంది? నేను నేర్పినట్టే చెప్పావా?”

“పని మనకే వచ్చిందండీ. పార్కులో బెంచీలన్నిటికీ మనమే రంగులెయ్యాలి.”

“నాకు తెలుసు! ఇంతకీ ఏమడిగారు?”

“పోయినసారి మీరు వేసిన రంగు ఎందుకు ఊడిపోయిందని అడిగారు.”

“వానల వల్ల అన్నావు కదా?”

“తుప్పు గీకకుండా వేశారని చెప్పాను.”

“నా పరువు తీశావు కదే!”

“ఈసారి దగ్గరుండి గీకిస్తానన్నాను. అందుకే ఇచ్చారు.”

“సర్లే. పనంతా చూసుకునేది ఎవరంటే నువ్వేనని చెప్పావా?”

“చెప్పాను.”

“శభాష్! అబద్ధమైనా తడుముకోకుండా చెప్పావు.”

“అబద్ధమెందుకండీ? రేపు పొద్దున్నే నేను పార్కుకి వెళుతున్నాను.”

“మరి నేనేం చెయ్యాలి?”

“మీ సంగతీ అడిగారు. మనిషి మంచివాడే, కొన్నాళ్లు పని చూసి ఉంచుకోవాలో వద్దో ఆలోచిస్తానన్నాను.”