ఎనిమిదో కోటు బొత్తాలు

నా పేరూ, ఇంటి అడ్రసూ పై కాగితంలో రాసుకున్నారు కనుక మళ్ళీ చెప్పడం లేదు. కొట్టులో అందరూ నన్ను మాస్టారు అంటారు. వయసు యాభై నాలుగు. వృత్తి దర్జీ పని; సరిగ్గా చెప్పాలంటే కటింగ్ మాస్టరును. ముప్పై ఆరేళ్ళుగా ఒకే కొట్టులో, ఒకే బల్ల దగ్గర నిలబడి బట్ట కోస్తున్నాను. కొట్టు మా బావది, అంటే మా అక్క భర్తది. నన్ను ఎవరూ బెదిరించి ఈ పోలీసు స్టేషనుకు తీసుకురాలేదు. వెళ్ళొద్దని మాత్రం ఒకరు చెప్పారు. ఆ సంగతి దాని వరసలో చెబుతాను.

ముందు కొట్టు గురించి. మెట్లెక్కగానే కౌంటరు, అక్కడ బావ కూర్చుంటాడు. ఎడమవైపు మగవాళ్ళ కొలతలు, అవి బావే తీసుకుంటాడు. కుడివైపు ఆకుపచ్చ తెర, దాని వెనక ఒక అద్దం, ఒక స్టూలు. అక్కడ ఆడవాళ్ళ కొలతలు మా అక్క తీసుకుంటుంది. లోపల్నించి అక్క అంకెలు పైకి చెబుతుంది, ఇవతల నేను పుస్తకంలో రాసుకుంటాను. ఆ తెర దాటి నేను ఏనాడూ వెళ్ళలేదు.

కౌంటరు పైన గోడకు ఒక బోర్డు ఉంది. "ఎవరికి కుట్టాలో, ఎవరికి కుట్టకూడదో నిర్ణయించే హక్కు యాజమాన్యానిదే" అని రాసి ఉంటుంది. పదకొండేళ్ళ కిందట ఒక పెద్దమనిషి ఒకే కోటును నాలుగుసార్లు విప్పించి కుట్టించుకుని, చివరికి తన పొట్ట పెరగడం కూడా మా తప్పేనని ఒంటికాలి మీద లేచాడు. ఆ కోపంలో బావ ఆ బోర్డు రాయించాడు. మళ్ళీ మొన్నటిదాకా దాని అవసరం పడలేదు.

కొత్తగా తెరుస్తున్న ఒక పెద్ద హోటల్ వాళ్ళు, రిసెప్షన్‌లో పనిచేసే ఆడవాళ్ళకు యూనిఫాం కోట్లు కుట్టే పని మా కొట్టుకు ఇచ్చారు. మొత్తం ఎనిమిది మంది. బట్టా, నమూనా కోటూ మా దగ్గరే ఉన్నాయి. ఆ బట్ట బయట దొరకదు కనుక ఇంకో దర్జీ కుట్టే వీలు లేదు. ఏడుగురు ముందు వారమే వచ్చి కొలతలిచ్చి వెళ్ళారు.

ఈ నెల మూడో తారీకు, మంగళవారం, ఉదయం పదకొండూ పదికి ఎనిమిదో ఆమె వచ్చింది. ఈ కేసులో ఫిర్యాదీ ఆమే. మా గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది, ఆ పదీ తీసేసే చెబుతున్నాను. నీలం చొక్కా వేసుకుంది, చేతిలో హోటల్ వాళ్ళిచ్చిన స్లిప్పు. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఎడమ భుజం కుడి భుజం కన్నా పావంగుళం కిందికి ఉంది. నేను మనుషుల్ని ఇలాగే చూస్తాను, అది నా జబ్బు. ఎస్సై మేడంగారూ, మీ చొక్కా భుజం కూడా అరంగుళం జారింది, ఎవరు కుట్టారో గానీ. ఇది రాయనక్కర్లేదు.

"కొలతలకి వచ్చానండీ" అనగానే ఆ గొంతు విని బావ తలెత్తాడు. మొహం చూశాడు, స్లిప్పు చూశాడు, మళ్ళీ మొహం చూశాడు.

"ఇది ఆడవాళ్ళ లిస్టు కదా?" అన్నాడు.

"అవునండీ. ఎనిమిదో పేరు నాదే. నేను ట్రాన్స్‌జెండర్‌నండీ, కార్డు ఉంది. హోటల్ మేనేజరుగారికి చెప్పే చేరుతున్నాను."

"ఆర్డర్లు నిండిపోయాయమ్మా. ఈ నెల కుదరదు."

"అదేంటండీ? ఎనిమిదో ఆమె ఇంకా రాలేదు, త్వరగా పంపండని నిన్ననే మీ కొట్టు నుంచి హోటల్‌కి ఫోన్ వచ్చిందట కదా!"

ఆ ఫోన్ చేసింది నేనే. కత్తెరకు నూనె రాస్తూ తలొంచుకున్నాను. నూనె పొద్దున్నే రాశాను.

అప్పుడు బావ అసలు మాట అన్నాడు. అన్నది అన్నట్టు చెబుతున్నాను. "చూడమ్మా, ఆడవాళ్ళ కొలతలు తీసేది మా ఆవిడ. ఆవిడ నిన్ను ముట్టుకోదు. నేను తీస్తానంటే నువ్వు ఒప్పుకోవు. నన్నేం చెయ్యమంటావ్? నా కొట్టు, నా ఇష్టం. కావాలంటే ఆ బోర్డు చదువుకో."

"ఈ మాటే కాగితం మీద రాసివ్వండి" అని ఆమె అడిగింది. రాసివ్వడానికి ఇదేమన్నా ఆఫీసా అన్నాడు.

అప్పుడు మా అక్క తెర పక్కన నిలబడి ఉంది. టేపు మెడలో ఉంది. ముట్టుకోనని అక్క అనలేదు. ముట్టుకుంటానని కూడా అనలేదు. అక్కను ఎవరూ అడగలేదు.

మా బావ చెడ్డవాడు కాదు, అది కూడా రాయండి. నాకు కామెర్లు వచ్చి మంచాన పడ్డప్పుడు రెండు నెలల పాటు ఆయనే కత్తెర పట్టాడు. ఎంత బట్ట పాడైనా నా చోట ఇంకొకరిని పెట్టలేదు. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చేసరికి నేనేమీ అనలేకపోయాను. మాట తట్టక కాదు, భయం.

ఫిర్యాదీ వెళ్ళిపోలేదు. కింద మెట్ల మీద కూర్చుంది. పదకొండూ నలభైకి టీకి వెళుతున్నట్టు నేను కిందికి దిగాను. తొమ్మిదో తారీకు, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి కోటు వేసుకుని చేరాలని, లేకపోతే లిస్టులో తర్వాతి మనిషిని పిలుస్తారని చెప్పింది.

"ఉద్యోగం కోసం పదహారు చోట్ల తిరిగానండీ. పదిహేను చోట్ల నా గొంతు వినగానే ఖాళీ లేదన్నారు. ఈ హోటల్లో ఒక్కచోటే కూర్చోమన్నారు" అంది.

"నేను కుట్టిపెడతాను. బావకు తెలియనక్కర్లేదు. కొలతలు కూడా అక్కర్లేదు, చూశానుగా" అన్నాను.

"ముట్టుకోకుండానే కుట్టేస్తారా?" అంది.

అప్పుడు అది పొగడ్త అనుకున్నాను.

బావ రోజూ ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వెళ్ళి రెండున్నరకు వస్తాడు. బుధ, గురు, శుక్ర, శనివారాలు ఆ గంటన్నరలోనే కోటు కోసి కుట్టాను. గురువారం అక్క చూసేసింది.

"ఒరేయ్, అది ఎనిమిదోదేనా?"

"అవునక్కా. బావతో అనకు."

"నన్నొక్క మాట అడిగితే కొలిచేదాన్ని కదరా! టేపు నా మెడలోనే ఉందిగా."

"అక్కర్లేదక్కా, నా కన్ను చాలు."

"నీ కన్నంటే నీకు ఎంత మురిపెంరా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ పనికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. ఆడవాళ్ళ కోటుకు బొత్తాలు ఎడమవైపు కుడతాం, కాజాలు, అంటే బొత్తాం దూరే చీలికలు, కుడివైపు కోస్తాం. మగవాళ్ళ కోటుకు దీనికి తిరగేసి. చాలామంది ఏళ్ళ తరబడి తొడుక్కుని కూడా ఇది గమనించరు. ఎనిమిదో కోటుకు నేను చేతి అలవాటు కొద్దీ పొరపాటున బొత్తాలు కుడివైపు కుట్టాను.

ఎనిమిదో తారీకు, ఆదివారం, కొట్టు సెలవు. మధ్యాహ్నం రెండింటికి బస్టాపులో ఆమెకు కోటు ఇచ్చాను. అక్కడే తొడుక్కుంది. నా పని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, వీపున ఒక్క ముడత లేదు. ఎడమ భుజంలో పలచటి ప్యాడ్ వేశాను, రెండు భుజాలూ సమంగా నిలిచాయి. మూసి ఉన్న మందుల షాపు అద్దంలో చూసుకుని నవ్వింది. తర్వాత బొత్తాలు పెట్టుకోబోతే చెయ్యి ఎడమవైపు వెళ్ళి ఆగింది.

"మాస్టారూ, ఇవి..." అంది.

"చేతి అలవాటమ్మా. ఎవరు చూస్తారు? వేసుకో" అన్నాను. అప్పుడు మార్చడానికి టైము లేదు. కాజా ఒకసారి కోశాక పూడ్చడం కుదరదు కూడా.

తొమ్మిదో తారీకు జరిగింది నేను చూడలేదు, ఆమె చెప్పగా విన్నాను. ఉదయం పదిన్నరకు ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. ఏడు కోట్లు ఒకవైపు మూసుకున్నాయి, ఎనిమిదోది రెండోవైపు. ఫోటో తీసే ఆయన, "మేడం, మీ కోటేంటి, మగవాళ్ళ కోటులా ఉంది?" అన్నాడట. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పటిదాకా ఆమె సంగతి మేనేజరుకు తప్ప ఎవరికీ తెలియదు. తనకు ఇష్టమైనప్పుడు, తన నోటితో, ఒక్కొక్కరికే చెప్పుకుందామనుకుందట. మధ్యాహ్నానికి వంటగది దాకా తెలిసిపోయింది. కోటు నమూనా ప్రకారం లేదని, సరైన కోటుతో ఇరవయ్యో తారీకు లోపు రావాలని, ఆ తర్వాత చోటు ఉంచలేమని మేనేజరు చెప్పి ఇంటికి పంపించాడు.

పదో తారీకు ఉదయం ఆమె కోటు పట్టుకుని కొట్టుకు వచ్చింది. నేను చేసిన పని బావకు అప్పుడు తెలిసింది. మళ్ళీ బోర్డు చూపించాడు. ఆమె కేకలేమీ వెయ్యలేదు. ఫిర్యాదు ఇస్తున్నానని చెప్పి మెట్లు దిగింది. ఆమె వెళ్ళాక బావ నాతో, "ఆర్డర్లు నిండిపోయాయి కాబట్టే కాదన్నాం. కోటు సంగతి నీ సొంత వ్యవహారం. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు. అసలు స్టేషనుకే వెళ్ళకు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అక్క కొంప కూలుస్తావా?" అన్నాడు. అక్క అక్కడే ఉంది. ఆ రోజు కూడా అక్కను ఎవరూ అడగలేదు.

నిన్న, పదకొండో తారీకు, ఉదయం పదింటికి ఫిర్యాదీ ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తులో ఒక్క గది. కోటు తలుపు మేకుకు వేలాడుతోంది, మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పింది. అది చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో కోటు కుట్టిపెడతానని చెప్పాను.

"వద్దండీ" అంది. "కన్నుతో కుట్టింది వద్దు. తెర వెనక, టేపుతో, ఆ ఏడుగురికీ ఎలా తీశారో అలా కొలతలు తీస్తేనే కుట్టించుకుంటాను. దొంగచాటు కోటు నాకొద్దు."

మళ్ళీ తనే, "బొత్తాలు నిజంగా అలవాటేనా మాస్టారూ?" అని అడిగింది.

"అలవాటే" అన్నాను.

"ఆ ఏడూ మీరు కుట్టినవేగా? వాటికి ఎడమవైపే ఉన్నాయండీ."

ఆమె నాకు మంచినీళ్ళిచ్చి, "రేపు మిమ్మల్ని అక్కడ అడుగుతారు. నాతో వద్దులెండి, అక్కడ చెప్పండి" అంది.

ఇంటికి వస్తూ కొట్టుకు వెళ్ళి అక్కను అడిగాను. ఇంతవరకు ఎవరూ అడగని మాట నేనే అడిగాను. "రమ్మను. చేతులు కడుక్కుని కొలుస్తాను, అందరికీ అంతేగా" అంది. బావ కౌంటరు దగ్గర్నుంచి విన్నాడు. ఏమీ అనలేదు, ఒప్పుకోనూ లేదు. నేను నా కత్తెర తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మీరు అడిగినవాటికి నా జవాబులు. మూడో తారీకున ఆర్డర్లు నిండలేదు; ఆ రోజు పేజీలో పధ్నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి, పుస్తకం తెప్పించి చూడండి. కొలతలు తీయనని మా అక్క అనలేదు. కాదన్నది ఆమె ట్రాన్స్‌జెండర్ అనే. కొట్టువాడికి కాదనే హక్కు ఎంతవరకు ఉందో తేల్చేది మీరూ, కోర్టూ. నాకు తెలిసింది ఒక్కటే, ఇరవయ్యో తారీకు ఇంకా ఎనిమిది రోజుల్లో ఉంది. కోటుకు నాలుగు రోజులు పడుతుంది.

ఈ నెల పన్నెండో తారీకు, మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి, ఇంతవరకు రాసింది నాకు చదివి వినిపించారు. మీ భుజం సంగతి కూడా రైటరుగారు రాసేశారు, సరే ఉండనివ్వండి. ఒక్కచోట దిద్దమన్నాను. "చేతి అలవాటు కొద్దీ పొరపాటున" అని ఉంది. అది నేను చెప్పిందే, రైటరుగారి తప్పు కాదు. దాన్ని కొట్టేసి "తెలిసే" అని రాయించాను. శనివారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి సుద్దముక్కతో ఎడమవైపు అయిదు గుర్తులు పెట్టి, తుడిచేసి, కుడివైపు పెట్టాను. బావను కాదని ఇంత చేస్తున్నాను కదా, ఆమె ఆడమనిషి కాదన్న నా లెక్క ఈ ఒక్కచోటైనా నెగ్గాలి అనిపించింది. బావ బోర్డు రాసి గోడకు పెట్టాడు, నేను ఆమె గుండెల మీద కుట్టాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

దిద్దిన తర్వాత ఇందులో అబద్ధం మిగల్లేదు. చివర ఒక సంతకం, దిద్దిన చోట పక్కన ఇంకో సంతకం పెట్టాను.

(సంతకం)
కటింగ్ మాస్టరు