పువ్వుకచ్చినోళ్లకు గేటు తియ్యాలె

"అవ్వా, తాత తప్పిపోయినప్పుడు ఆ గోడ లోపలికి ఎట్ల పోయినవే?"

ఎట్ల పోయిననా? గేటు ముంగట్నుంచే పోయిన బిడ్డా, దొంగతనంగ పోలే.

మీ తాతకు అప్పటికే మతి తప్పింది గదా. పొద్దుగాల "మోటరేసి వస్త" అని బయటవడ్డడు. మోటరేడిది, పొలమేడిది? ఎల్లారెడ్డి తొవ్వల ఉన్న పొలం ఎన్నడో అమ్ముకుంటిమి. కొన్నాయన కామారెడ్డిల ఉంటడు. ప్లాట్లు చేస్తనని చుట్టూ గోడ కట్టి పడావు వెట్టిండు. పొద్దుమీకినా మీ తాత రాలే. గాడికే పోయిండని నాకెర్కే.

గేటు కాడికి ఉరికితే వాచ్‌మన్ తియ్యనన్నడు. ఓనరు ఫోన్ల ఏమన్నడో ఎర్కేనా? "ఇయ్యాల ముసలాయనను దేవులాడుతమని అస్తరు, రేపు భూమి మాదేనంటరు. తియ్యకు." ఠాణాకు పోతే సారేమో, "ఓనరన్న ఒప్పుకోవాలె, కోర్టు కాయిదమన్న ఉండాలె" అనె. నాకు కడుపు మండింది. నీళ్లు లేక దూపకు సచ్చే మనిషి కాయిదమచ్చేదాక ఆగుతడా?

తెల్లారితే సద్దుల బతుకమ్మ. మా అక్క గంగవ్వ, అంటే సొంతక్క కాదు, మా చిన్నమ్మ బిడ్డ, నాతోని బీడీలు చేసేది, ఆమెను లేపిన. తెల్లారంగనే వాడకట్టు ఆడోళ్లమంత గంపలు వట్టుకొని పోయినం. గోడ లోపల గునుగు పువ్వు తెల్లగ ఇరగవూసింది. "పువ్వుకచ్చినం, గేటు తియ్యి తమ్మీ" అన్న. మనదిక్కు ఎవ్వల చేను చెల్కలనన్న బతుకమ్మ పువ్వు తెంపుకోనిస్తరు గదా, వద్దనరు. వాడు తలకాయ గోక్కున్నడు, ఫోన్ తీసిండు. ఇంతల వాని పెండ్లం రేకుల షెడ్డుల నుంచి అచ్చి, "పువ్వుకచ్చినోళ్లను ఎన్కకు పంపుతవా? ఇంట్ల ఆడిబిడ్డలు లేరా నీకు?" అన్నది. తనే తాళం తీసి, ఒక గంప వట్టుకొని మా ఎంబడి నడ్సింది.

నేనైతే ఒక్క పువ్వు తెంపలే. సక్కగ పాత మోటరు రూముకు ఉరికిన. చుట్టుగోడ ఎన్కదిక్కు వానకు కూలి ఉండె, అప్పటిదాక నాకెర్కలే, గా సందుల నుంచి దూరినట్టుండు మీ తాత. కాలు వాసింది, పెదవులు ఎండినయి. మోటరు లేదు, స్టార్టరు డబ్బా లేదు, వట్టి గోడ దిక్కు చూస్తుండు. నన్ను చూసి, "కరెంటు ఇంక రాలే" అన్నడు. ఏడ్పాగలే బిడ్డా నాకు. "అచ్చింది, పా ఇంటికి" అన్న.

మర్నాడు ఓనరు ఫోన్ చేసి కేసు వెడ్తనన్నడు. పెట్టుకో, పువ్వు తెంపిన ఆడోళ్లందరి మీద పెట్టు, అందరం గంపలతోనే అస్తం అన్న. మల్ల ఫోన్ రాలే.

మీ తాత అటెన్క నా చేతి బువ్వ తిని, మనింట్లనే కన్ను మూసిండు. ఎవ్వని గోడెన్కనో కాదు.

సల్లగుండు బిడ్డా. నీ మనిషి లోపలుంటే మాత్రం గేటు కాడ ఏడ్సుకుంట నిలవడకు. పదిమందిని పిలువు, గంప వట్టు...