సెనన్ టూహీ ఆడిన ఆట

అదికాదు ఫాదర్, తలుపు వేయకండి! రెండు మైళ్ళు పరిగెత్తుకొచ్చాను. మీరు ఠాణాకి ఒక్క మాట చెబితే మా సెనన్‌ని వదిలేస్తారు. మా పినతల్లి కొడుకు, గుర్తులేడూ? ఏడేళ్ళు స్కాట్లండ్‌లో బంగాళాదుంపలు తవ్వి మంగళవారం ఊళ్ళో దిగాడు. గురువారం పొద్దున్నే పట్టుకుపోయారు!

ఎందుకేమిటి? పోయిన ఆదివారం ఫుట్‌బాల్ ఫైనల్లో అవతలి గోల్‌కీపర్ థేడీ హెహిర్ పడ్డాడా, మర్నాడు పోయాడా. గుద్దింది సెనన్ టూహీ అని పేపర్లో పడింది. 'ఆదివారం నేనింకా ఓడ కూడా ఎక్కలేదయ్యా' అంటే వినేదెవరు?

ఆఁ, నిజమే, ఏడేళ్ళుగా పట్నం జట్టులో ఆ పేరుతోనే ఒకడు ఆడుతున్నాడు. టూహీలు గడపకొకరు, ఏ సెననో అనుకుని ఉంటారు మీరు.

వాడు కాదని నాకెలా తెలుసంటారా?

కూర్చోనీండి ఫాదర్.

మీరే కదా గుడిలో అన్నారు, 'ఆదివారం బంతి తన్నే పంతులికి నా బడిలో చోటు లేదు' అని! ఆ బడి, పక్కనే ఇల్లు, నా భార్య హనోరా... అన్నీ మీ చేతిలోనే. కానీ ఆడకుండా బతకలేకపోయాను. ఊళ్ళో లేనివాడి పేరు పెట్టుకుని ఆడితే ఎవరికేం నష్టం అనుకున్నాను. వారమంతా లెక్కలు చెప్పడం, ఆదివారం పూజ కాగానే బూట్లు కోటు కింద దాచుకుని పరుగు. మైదానంలో అడుగు పెడితే చాలు, ప్రాణం లేచొచ్చేది!

థేడీ బంతిని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. భుజంతో గుద్దాను. అందరూ గుద్దినట్టే, దేవుడి తోడు! వాడి తల వెళ్ళి గోల్ స్తంభానికి తగిలింది. 'లేరా థేడీ, లే' అన్నాను. ఒక్కసారి కళ్ళు తెరిచి నన్నే చూశాడు. అంతే.

నిన్న ఠాణాకి వెళ్ళాను. ఆ పేరుతో ఆడింది నేనేనని సెనన్‌కి అప్పటికే ఎవరో చెప్పేశారు. ఏమన్నాడో తెలుసా? 'నాకు పెళ్ళామా, ఉద్యోగమా? నేనిక నోరు మెదపనులే అన్నయ్యా, నువ్వింటికి పో' అన్నాడు.

నేనేం చేశాను? తలూపాను ఫాదర్! తలూపి, ఇంటికొచ్చి, హనోరా వడ్డిస్తే కడుపునిండా తిన్నాను. గుద్దడం పాపమో కాదో మీకే తెలియాలి. ఆ తలూపడం మాత్రం పాపమే.

లేవండి, కోటు తొడుక్కోండి. నాతో ఠాణా దాకా రండి. ఒక్కణ్ణే పంపితే సగం దారిలో వెనక్కి తిరుగుతాను. నా సంగతి నాకు తెలుసు.